రక్తానికి కూడా పాస్‌పోర్టు కావాలా?

పోయిన వానాకాలంలో ఒకరోజు రాత్రి పదకొండు దాటాక మా పక్క వీధి ఆవిడ ఫోన్ చేసింది. "వదినా, చిన్నదానికి కాన్పయింది. పాప బాగానే ఉంది. దీనికే రక్తం ఆగట్లేదట. బి నెగిటివ్ రెండు యూనిట్లు కావాలంటున్నారు. నీ పుస్తకంలో ఎవరైనా ఉన్నారేమో చూడు" అంది. గొంతులో ఏడుపు లేదు, తొందర తప్ప.

పుస్తకం అంటే మరేం లేదు, ఒక రూళ్ళ నోటుబుక్కు. సైనిక్‌పురి, నేరేడ్‌మెట్, ఏ.ఎస్. రావు నగర్ వైపు ఉండే కొందరు ఆడవాళ్ళం కలిసి కొన్నేళ్ళుగా రాసుకుంటున్నాం. పేరు, గ్రూపు, ఆఖరుసారి రక్తం ఎప్పుడిచ్చారు, అంతే. మన దేశంలో నెగిటివ్ గ్రూపులన్నీ కలిపినా నూటికి ఐదారుగురికి మించి ఉండరు. మా బి నెగిటివ్ పేజీలో అప్పటికి ఆరు పేర్లున్నాయి. ఆ రాత్రి ఆరుగురిలో ఒక్కరూ పనికిరాలేదు. ముగ్గురికి అరవై ఐదేళ్ళు దాటాయి, చట్టప్రకారం వాళ్ళు ఇవ్వకూడదు. ఆ పేర్లు కొట్టెయ్యడానికి నాకే మనసొప్పలేదు. ఒకాయన నెల కిందటే ఇచ్చాడు. ఒకమ్మాయి చంటిబిడ్డకు పాలిస్తోంది. ఇంకొకామె హిమోగ్లోబిన్ ఎప్పుడు చూసినా పదకొండు దగ్గరే ఉంటుంది.

ఏడో పేరు ఆ రాత్రే రాశాను. బాలింత సొంత అక్కే. తొమ్మిదేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటోంది. చెల్లెలి కాన్పు కోసమని తొమ్మిది రోజుల ముందే వచ్చింది. అదే గ్రూపు, ఆరోగ్యంగా ఉంది, హిమోగ్లోబిన్ పదమూడు. "నేనుండగా వెతుకులాట ఎందుకత్తా" అని తనే కారు తీసింది. సొంత తోబుట్టువు రక్తం నేరుగా ఎక్కించరనీ, ఎక్కించాలంటే ముందు దానికి రేడియేషన్ ఇవ్వాలనీ నాకు తర్వాత తెలిసింది. అయినా ఆమె ఇచ్చిన యూనిట్ ఇంకొకరికి వెళ్తుంది, ఆ లెక్కలో చెల్లెలికి ఉన్న నిల్వలోంచి ఇస్తారు. మన ఊళ్ళో బదులు రక్తం పద్ధతి అలాగే నడుస్తోంది.

రక్తనిధిలో ఫారం నింపమన్నారు. ఈమధ్య ప్రయాణాలేమైనా చేశారా అని ఒక ప్రశ్న. అమెరికా నుంచి వచ్చానని ఉన్నమాట రాసింది. బల్ల దగ్గరున్న కుర్రాడు మర్యాదగానే చెప్పాడు: "నాలుగు నెలలు ఆగాలి మేడమ్. వెస్ట్ నైల్ వైరస్ ఉన్న దేశం." ఆమె కాసేపు నిలబడిపోయి నావైపు తిరిగి అంది: "అక్కడ ఇస్తానంటే ఇండియా వెళ్ళొచ్చావు, మూడు నెలలు ఆగమంటారు. ఇక్కడ ఇస్తానంటే అమెరికా నుంచి వచ్చావు, నాలుగు నెలలు ఆగమంటారు. ఏడాదికోసారి అమ్మ దగ్గరకు రావడం మానేస్తే తప్ప నా రక్తం ఎవరికీ పనికిరాదా అత్తా?"

ఆ రాత్రికి గండం గడిచింది. అక్కడ ఒక యూనిట్ ఉంది, రెండోది నగరానికి ఆ చివర దొరికింది. తెల్లారాక మౌలాలి నుంచి ఒక ఆటోడ్రైవరూ, ఒక ఇంజినీరింగ్ విద్యార్థీ వచ్చి బదులు రక్తం ఇచ్చారు. తల్లీబిడ్డా క్షేమం. కానీ ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టడానికి లేదు. అతను నిబంధన చదివి చెప్పాడు. చూడాల్సింది ఆ నిబంధనని.

మన జాతీయ రక్తమార్పిడి మండలి 2017లో రక్తదాతల ఎంపికకు మార్గదర్శకాలు విడుదల చేసింది. వెస్ట్ నైల్ వైరస్ పాతుకుపోయిన ప్రాంతానికిగానీ, జికా ప్రబలిన ప్రాంతానికిగానీ వెళ్ళొచ్చినవాళ్ళు నాలుగు నెలలు ఆగాలని వాటిలో ఉంది. వెస్ట్ నైల్ దోమకాటుతో వచ్చే జ్వరం. అమెరికాలో అది మొదటిసారి 1999లో న్యూయార్క్‌లో బయటపడింది. రక్తం ద్వారా కూడా పాకుతుందని తెలిశాక అక్కడివాళ్ళేం చేశారు? తమ దేశంలో ఉన్నవాళ్ళనందరినీ రక్తం ఇవ్వొద్దని ఆపలేదు. 2003 నుంచి దానం చేసిన రక్తాన్ని ఆ వైరస్ కోసం పరీక్షించడం మొదలుపెట్టారు. అంటే న్యూజెర్సీలో ఉన్నంతకాలం ఆ అమ్మాయి రక్తం పరీక్ష చేసి తీసుకుంటారు. శంషాబాద్‌లో దిగగానే అదే రక్తం పరీక్ష లేకుండా పక్కన పెడతారు. ఎందుకంటే మన రక్తనిధుల్లో ఆ పరీక్ష మామూలుగా చెయ్యరు.

పోనీ ఆ వైరస్ మన దగ్గర లేదా అంటే, ఉంది. 2019లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఏడేళ్ళ బాబు ఆ జ్వరంతో చనిపోయాడు. కేరళ వెళ్ళొచ్చినవాళ్ళను రక్తం ఇవ్వొద్దని ఆపడం నేనింతవరకు చూడలేదు. ఆ మార్గదర్శకాల్లోనే ఇంకో నిబంధన ఉంది. డెంగీ, చికున్‌గున్యా ఉన్న ప్రాంతానికి వెళ్ళొచ్చినవాళ్ళు, జ్వరం రాకపోయినా, నాలుగు వారాలు ఆగాలట. హైదరాబాదులో వానాకాలం వస్తే డెంగీ లేని బస్తీ ఏదో చెప్పమనండి. మనం ఆ ప్రాంతానికి వెళ్ళి రావడమేమిటి, అక్కడే కాపురముంటున్నాం! దోమలు లేని ఊరివాళ్ళు రాసుకున్న వాక్యంలా ఉంది అది. మన ఊరికి తగినట్టు ఎవరూ తిరగరాసినట్టు లేదు.

అవతలి వైపు కథ మలేరియాది. అమెరికా ఆరోగ్యశాఖ లెక్కలో కొండప్రాంతాలు కొన్ని తప్ప భారతదేశమంతా మలేరియా ప్రాంతమే. అక్కడుండేవాళ్ళు మన దేశానికి వచ్చి వెళ్తే 2020 దాకా ఏడాదిపాటు రక్తం ఇవ్వడానికి వీల్లేదు. ఆ ఏడాది ఏప్రిల్లో, కోవిడ్ వల్ల రక్తం కొరత తీవ్రమయ్యాక, దాన్ని మూడు నెలలకు తగ్గించారు. ఇక్కడ పుట్టి పెరిగి కొత్తగా అక్కడికి వెళ్ళినవాళ్ళయితే మూడేళ్ళు ఆగాలి. ఆ మూడేళ్ళు నిండకముందే ఒకసారి ఇంటికొచ్చి వెళ్తే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. పెళ్ళయి వెళ్ళిన అమ్మాయిలు పురుడుకో, అమ్మకు ఒంట్లో బాగోలేదనో, అత్తింటి పెళ్ళిళ్ళకో రెండేళ్ళకోసారైనా వస్తారు. మూడేళ్ళు కదలకుండా ఉండాలంటే వాళ్ళవల్ల ఎక్కడవుతుంది?

దోమకూ మలేరియాకూ ఉన్న బంధాన్ని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మా సికింద్రాబాదులోనే, బేగంపేటలో. ఆ భవనం ఇంకా ఉంది. నూట పాతికేళ్ళ తర్వాత కూడా ఆ ఊరి మనిషిని ప్రపంచం దోమతో కలిపే చూస్తోంది. నిజానికి హైదరాబాదులో ఇప్పుడు మలేరియా చాలా తక్కువ. అది ఎక్కువగా పట్టి పీడించేది భద్రాచలం, పాడేరు వైపు ఏజెన్సీ గ్రామాలను. అక్కడి ఆడవాళ్ళకు దీనివల్ల గర్భంలో వచ్చే కష్టాలు వేరే వ్యాసం రాయాల్సినంత ఉన్నాయి. దేశం మొత్తానికి ఒకే రంగు పులిమిన పటంలో ఏజెన్సీ గూడెమూ సైనిక్‌పురీ ఒకటే అయిపోతాయి.

ఇదంతా చదివి, జాగ్రత్త అక్కర్లేదంటున్నానని ఎవరూ అనుకోవద్దు. రక్తం విషయంలో అజాగ్రత్త ఎంత ఘోరం చేస్తుందో ఆడవాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బ్రిటన్‌లో 1970లు, 80లలో కలుషిత రక్తం, రక్తంతో చేసిన మందుల వల్ల సుమారు 30 వేలమందికి హెచ్ఐవి, హెపటైటిస్ సి సోకాయని 2024 మేలో వెలువడిన విచారణ నివేదిక చెప్పింది. వాళ్ళలో కాన్పు సమయంలో రక్తం ఎక్కించుకున్న తల్లులు కూడా ఉన్నారు. మన దేశంలో రక్తం అమ్ముకునే పద్ధతి పోవడానికి సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పాల్సి వచ్చింది. 1998 జనవరి నుంచి డబ్బు తీసుకుని రక్తమిచ్చేవాళ్ళ దగ్గర సేకరించడం ఆగింది. జికా సంగతే తీసుకోండి. మామూలు మనిషికి నాలుగు రోజుల జ్వరం, గర్భిణికైతే కడుపులో బిడ్డ మెదడే ఎదగకుండా పోవచ్చు. 2021లో కేరళలో జికా మొదట బయటపడింది కూడా ఒక గర్భిణిలోనే. అలాంటి ప్రాంతం నుంచి నిన్ననే వచ్చిన మనిషి రక్తాన్ని బాలింతకో గర్భిణికో పరీక్ష లేకుండా ఎక్కించమని నేనడగను.

నేనడిగేది వేరు. ఒక నిబంధన పెట్టినప్పుడు దానివల్ల ఎవరికి మేలు జరుగుతుందో చెప్తున్నారు. ఎవరికి నష్టం జరుగుతుందో ఎవరైనా లెక్కపెడుతున్నారా? చెడ్డ రక్తం ఎక్కితే ఆ కేసుకొక పేరుంటుంది, పత్రికల్లో వార్త వస్తుంది, అధికారి ఉద్యోగం పోతుంది. రక్తం అందక ఒక తల్లి పోతే? మరణ కారణం దగ్గర 'ప్రసవానంతర రక్తస్రావం' అని రాస్తారు. 'రక్తం సమయానికి దొరకలేదు' అని రాసిన కాగితం ఇంతవరకు నా కంటపడలేదు. మన దేశంలో కాన్పు మరణాలకు మొదటి కారణం రక్తస్రావమే. పక్కన పెట్టిన యూనిట్ ఏ లెక్కలోనూ కనపడదు కాబట్టి, ఆపెయ్యడమే ఎప్పుడూ భద్రమైన నిర్ణయంగా కనిపిస్తుంది. అధికారికి భద్రమే. బల్లమీద రక్తం కారిపోతున్న మనిషికి?

పిచ్చి ఆవు వ్యాధి విషయంలో జరిగింది చూడండి. జబ్బు పడిన పశువుల మాంసం తినడం వల్ల బ్రిటన్‌లో మనుషులకు కూడా మెదడు దెబ్బతినే జబ్బొకటి వచ్చింది. ఆ దేశంలో నూట డెబ్బైమందికి పైగా చనిపోయారు. దాన్ని పట్టుకునే రక్తపరీక్ష లేదు, ఇప్పటికీ వాడుకలోకి రాలేదు. అందుకని 1980 నుంచి 1996 మధ్య బ్రిటన్‌లో ఆరు నెలలు ఉన్నవాళ్ళు రక్తం ఇవ్వరాదని అమెరికా 1999లో చెప్పింది. తర్వాత దాన్ని మూడు నెలలకు కుదించింది. ఆ భయం ఊరికే పుట్టలేదు. బ్రిటన్‌లోనే రక్తమార్పిడి ద్వారా నలుగురికి ఆ జబ్బు అంటుకున్నట్టు తేలింది. మరి బ్రిటన్ ఏం చేసింది? తన ప్రజలనందరినీ ఆపితే ఇక రక్తమే ఉండదు. కాబట్టి రక్తంలోంచి తెల్లకణాలను వడగట్టడం మొదలుపెట్టింది, మందుల తయారీకి ప్లాస్మాను బయటి దేశాల నుంచి కొనుక్కుంది. ఆపడం కుదరనప్పుడు వేరే దారి ఎలా దొరుకుతుందో గమనించండి. ఇరవై ఏళ్ళు దాటాక, 2022లో అమెరికా, ఆస్ట్రేలియా రెండూ ఆ నిషేధాన్ని ఎత్తేశాయి. మా కాలనీలోనే ఒక విశ్రాంత సుబేదారు గారి కూతురు నర్సు. 1990లలో ఇంగ్లండులో పనిచేసి తర్వాత అమెరికా వెళ్ళింది. రోజూ చేత్తో రక్తం సంచులు వేలాడదీసే మనిషి, తన రక్తం మాత్రం ఇరవై ఏళ్ళు ఇవ్వలేకపోయింది. నిషేధం ఎత్తేసేనాటికి ఆమె షుగరుకు ఇన్సులిన్ వాడుతోంది.

మొదట్లో ఆ నిషేధం తప్పని నేననను. తెలియని జబ్బు ముందు నిలబడ్డప్పుడు ఆగడమే తెలివి. అయితే తెలియనితనం పేరుతో పెట్టిన నిషేధానికి, తెలుసుకోవాల్సిన బాధ్యత కూడా ఉంటుంది. ఎప్పుడు తిరిగి చూస్తామో ఆ కాగితం మీదే రాసి ఉండాలి.

మనకు దగ్గరి అనుభవం కోవిడ్. 2020 మార్చి చివర్లో జాతీయ రక్తమార్పిడి మండలి, జబ్బు ప్రబలిన దేశాల నుంచి వచ్చినవాళ్ళు 28 రోజులు రక్తం ఇవ్వకూడదని చెప్పింది. తెలంగాణలో మొదటి కేసు దుబాయి నుంచి వచ్చిన యువకుడిదే కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. నాకూ లేదు. కానీ అదే సమయంలో కాలేజీలు మూసేశారు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు మూసేశారు, శిబిరాలు ఆగిపోయాయి, బస్సులు లేవు. తలసేమియా పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, లాక్‌డౌన్ అని వాళ్ళ ఒంట్లో ఎర్రకణాలు ఆగవు కదా. ఆ పిల్లల్ని మోసుకుని పోలీసు చెక్‌పోస్టుల దగ్గర కాగితాలు చూపించింది ఎక్కువగా తల్లులే. పిల్లలకు వాయిదా వెయ్యడం కుదరదని వాళ్ళకు తెలుసు. దాతల్ని వాయిదా వేసినవాళ్ళు ఆ ఖాళీని ఎలా పూడుస్తారో చెప్పలేదు. రక్తమార్పిడి ద్వారా కోవిడ్ సోకినట్టు ఒక్క కేసూ రుజువు కాలేదన్నది తర్వాత తేలిన సంగతి.

మరుసటి ఏడాది టీకాలొచ్చాయి. 2021 మార్చిలో, ఆఖరి డోసు తర్వాత 28 రోజులదాకా రక్తం ఇవ్వకూడదన్నారు. రెండు డోసుల మధ్య ఎడం కలుపుకుంటే నెలలు గడిచిపోతాయి. మే ఒకటి నుంచి 18 ఏళ్ళు దాటినవాళ్ళందరికీ టీకా అన్నారు. రక్తం ఇచ్చేది ఎక్కువగా ఆ వయసువాళ్ళే. దేశమంతా గగ్గోలు పుట్టింది. టీకాకు ముందే వచ్చి రక్తమిచ్చి వెళ్ళండని సంస్థలు బతిమాలుకున్నాయి. మే మొదటివారంలోనే మండలి దాన్ని ఏ డోసుకైనా 14 రోజులకు తగ్గించింది. అంటే తలుచుకుంటే రెండు నెలల్లో నిబంధన మారుతుంది. మార్చింది కూడా రోగుల తరఫున మాట్లాడేవాళ్ళు ఊరుకోకపోవడం వల్లే.

వెస్ట్ నైల్ నిబంధనకు, డెంగీ నిబంధనకు అలా అరిచేవాళ్ళు లేరు. ఎందుకంటే అవి ఒక్కొక్కరినీ విడివిడిగా ఆపుతాయి. న్యూజెర్సీ నుంచి వచ్చిన అమ్మాయి 'సరే' అని వెళ్ళిపోతుంది.

ఇక్కడ మా సైనిక్‌పురి సంగతి చెప్పాలి. ఇది మిలటరీలో పనిచేసి రిటైరైనవాళ్ళు కట్టుకున్న కాలనీ. ఒకప్పుడు ఇక్కడ శిబిరం పెడితే వరుస కట్టేవారు. రక్తమివ్వడం వాళ్ళకు డ్యూటీలో భాగంలాంటిది. మా ఆయన ఎన్నిసార్లిచ్చారో ఆయనకే లెక్క తెలియదు. ఇప్పుడు ఆ తరమంతా అరవై ఐదు దాటింది. వాళ్ళ పిల్లలు డాలస్‌లోనో, సింగపూర్‌లోనో, దుబాయిలోనో ఉన్నారు. ఇక్కడున్నవాళ్ళకు వయసు అడ్డం, వచ్చేవాళ్ళకు ప్రయాణం అడ్డం. ఇక మిగిలేదెవరు? మా ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో షిఫ్టులు చేసే అమ్మాయిలు. అటువైపు ఒకసారి శిబిరం పెట్టించాం. ఆడపిల్లలు ఉత్సాహంగానే వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే హిమోగ్లోబిన్ చూసే బల్ల దగ్గర ఆగిపోయారు. పన్నెండున్నర ఉండాలి, వీళ్ళకు తొమ్మిది, పది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత ఉంది, మగవాళ్ళలో 25 శాతానికే. పాలిచ్చే తల్లి ఇవ్వకూడదు, కాన్పయిన ఏడాదిలోపు ఇవ్వకూడదు, గర్భం పోయిన ఆరునెలల్లోపు ఇవ్వకూడదు, నెలసరి రోజుల్లో ఇవ్వకూడదు. వీటిలో మొదటి మూడూ మన ఒంటికి మంచివే. ఆరోగ్యంగా ఉన్న ఆడదాన్ని నెలసరి రోజుల్లో ఎందుకు ఆపాలో ఎవరూ నాకు సరిగ్గా చెప్పలేకపోయారు, అది వైద్యమో మైలపట్టింపో! మొత్తంమీద మన దేశంలో రక్తమిచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు పదోవంతు కూడా లేరు. కాన్పుల్లోనూ, గర్భసంచి ఆపరేషన్లలోనూ రక్తం కావాల్సింది మాత్రం మనకే. ఇచ్చే దారి మూసుకుపోయి, పుచ్చుకునే అవసరం పెరిగిన మనకు, దాతల సంఖ్య తగ్గించే ప్రతి నిబంధనా సొంత విషయమే.

ఇంకో సంగతి. 'ఎక్కడి నుంచి వచ్చావు' అనే ప్రశ్న 'నువ్వెవరు' అనే ప్రశ్నకు చాలా దగ్గరగా ఉంటుంది. అవే 2017 మార్గదర్శకాలు ట్రాన్స్‌జెండర్లను, మగవాళ్ళతో సంబంధాలున్న మగవాళ్ళను, సెక్స్‌వర్కర్లను ఏకమొత్తంగా పక్కన పెట్టాయి. దానిమీద 2021లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. నెలలకొద్దీ ఎవరితోనూ సంబంధం లేని హిజ్రా పనికిరాదు, ఎక్కడెక్కడో తిరిగొచ్చి ఫారంలో అబద్ధం రాసిన పెద్దమనిషి పనికొస్తాడు. మనదేశంలో హెచ్ఐవి 1986లో మొదట చెన్నైలో సెక్స్‌వర్కర్ల రక్తంలో బయటపడినప్పటినుంచీ జబ్బుకు ఆడదాని ముఖం తగిలించడం మనకు అలవాటైపోయింది. మనిషి ఏం చేసిందో అడగకుండా ఏ గుంపుకు చెందిందో అడిగే పద్ధతి ఎవరిమీద వాడినా నాకు అనుమానమే.

గుంపుల్ని ఆపితే రక్తం శుభ్రంగా ఉంటుందా? తమిళనాడులోని సాత్తూరులో 2018 డిసెంబరులో జరిగింది గుర్తుందా? రక్తహీనత ఉన్న గర్భిణికి ప్రభుత్వాసుపత్రిలో రక్తం ఎక్కించారు. అది హెచ్ఐవి ఉన్న రక్తం. దాత ఒక కుర్రవాడు, తన బంధువు కోసమని ఇచ్చాడు. 2016లో అతను రక్తమిచ్చినప్పుడే పరీక్షలో హెచ్ఐవి ఉన్నట్టు తేలింది. ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. రెండోసారి ఇచ్చినప్పుడు పరీక్షలో పట్టుకోలేదు. విదేశీ ఉద్యోగం కోసం బయట పరీక్ష చేయించుకుంటే విషయం తెలిసింది. తెలియగానే అతనే పరుగెత్తుకెళ్ళి రక్తనిధికి చెప్పాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. తర్వాత విషం తాగి చనిపోయాడు. ఆ తల్లికి పుట్టిన బిడ్డకు జబ్బు సోకలేదు, అదొక్కటే ఊరట. అతను ఏ ఊరు తిరిగొచ్చాడన్న ప్రశ్న ఇందులో ఎక్కడైనా పనికొచ్చేదా? తప్పింది ప్రయోగశాలలో, రికార్డుల్లో, మనిషిని పిలిచి ఒక మాట చెప్పడంలో. ఫారంలో ఒక ప్రశ్న చేర్చడానికి ఖర్చు లేదు. మంచి పరీక్ష పెట్టడానికి, దాతను వెతికి పిలిచి చెప్పే మనిషిని నియమించడానికి ఖర్చవుతుంది. మొదటిది చేసి రెండోది చేసినట్టు చూపించడం మన ప్రభుత్వాలకు తేలిక.

మలేరియా విషయంలోనే మనం ఒకటి సరిగ్గా చేస్తున్నాం. దేశంలో సేకరించిన ప్రతి యూనిట్‌నూ హెచ్ఐవి, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్‌తోపాటు మలేరియాకు కూడా పరీక్షించాలని చట్టం. మనుషుల్ని కాక రక్తాన్ని చూసే పద్ధతి అది. ఇంగ్లండులో కూడా మలేరియా ప్రాంతంలో పుట్టినవాళ్ళ దగ్గర నాలుగు నెలల తర్వాత పరీక్ష చేసి రక్తం తీసుకుంటారు, మూడేళ్ళు ఆగమనరు. అమెరికా 2024లో దాతల రక్తంలో మలేరియాను పట్టే పరీక్షకు అనుమతిచ్చింది. వెళ్ళొచ్చిన ఊరినిబట్టి ఆపడానికి బదులు పరీక్ష చేసే పద్ధతిని ప్రతిపాదిస్తూ 2025లో ముసాయిదా కూడా తెచ్చింది. మన దగ్గర చేసే మలేరియా పరీక్ష చాలాచోట్ల నాసిరకానిదే. వైరస్‌ల జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే 'నాట్' పరీక్ష ఇప్పటికీ దేశమంతటా తప్పనిసరి కాదు. ఉన్నచోట దానికి రోగి దగ్గర ఎక్కువ వసూలు చేస్తారు. భద్రత డబ్బున్నవాళ్ళకు ఒకలాగ, లేనివాళ్ళకు ఒకలాగ ఉండడం ప్రయాణ నిబంధనలకంటే నన్నెక్కువ బాధపెట్టే విషయం.

కాబట్టి మన సంఘాలు అడగాల్సింది నిబంధనలు తీసెయ్యమని కాదు. వెస్ట్ నైల్, డెంగీ ప్రాంతాల నిబంధనను ఏ ఆధారంతో పెట్టారో, దానివల్ల ఏటా ఎంతమందిని వెనక్కి పంపుతున్నారో బయటపెట్టమనాలి. ఏ ప్రాంతం పేరుతో ఆపినా ఆ నిబంధనకు గడువు ఉండాలి, గడువు తీరాక ఎవరైనా కూర్చుని మళ్ళీ చూడాలి. బి నెగిటివ్‌లాంటి అరుదైన గ్రూపు మనిషి తలుపు దగ్గర నిలబడ్డప్పుడు, అవతల ప్రాణం పోతున్నప్పుడు, వైద్యుడు ఆ ఒక్క మనిషినీ ఆ ఒక్క రోగినీ చూసి నిర్ణయించే వెసులుబాటు కాగితం మీద ఉండాలి. ఇప్పుడది లేక, తెలిసిన డాక్టరుంటే జరుగుతుంది, లేకపోతే లేదు. వెనక్కి పంపిన మనిషికి ఎందుకు పంపారో, మళ్ళీ ఏ తేదీ తర్వాత రావచ్చో ఒక చీటీ రాసివ్వాలి. ఒకసారి 'వద్దు' అనిపించుకున్నవాళ్ళు మళ్ళీ రారు, నా పుస్తకమే దానికి సాక్ష్యం. రాష్ట్ర రక్తమార్పిడి మండలిలో డాక్టర్లు, అధికారులు ఉన్నారు సరే. ఇరవై రోజులకోసారి పిల్లవాడికి రక్తం ఎక్కించే తల్లికి అక్కడ కుర్చీ ఎందుకు ఉండకూడదు? నిబంధన వల్ల పోయేదేమిటో ఆమె చెప్పినట్టు ఇంకెవరు చెప్తారు?

ఆ అక్క నెల తర్వాత వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా పుస్తకంలో తన పేరు ఎదురుగా తనే రెండు తేదీలు రాసింది. ఒకటి ఇక్కడ ఇవ్వడానికి అర్హత వచ్చే రోజు, ఆ రోజుకు తనిక్కడ ఉండదు. రెండోది అక్కడిది. ఆ తేదీ దాటిన వారంలోనే చేతికి కట్టుతో ఫొటో పంపింది. ఆ రక్తం ఎవరికి వెళ్ళిందో తెలియదు. బాలింతకు ఇప్పుడు పదకొండున్నర ఉంది, ఐరన్ మాత్రలు మింగుతోంది. పాపకు పళ్ళొస్తున్నాయి.

బి నెగిటివ్ పేజీలో ముగ్గురు పెద్దవాళ్ళ పేర్లు ఎట్టకేలకు కొట్టేశాను. కాప్రా, నాచారం, ఉప్పల్, మౌలాలి వైపు ఆ గ్రూపువాళ్ళెవరైనా ఇది చదువుతుంటే పత్రిక చిరునామాకు ఒక ముక్క రాయండి. ఏ ఊరు వెళ్ళొచ్చారో కూడా రాయండి, దాచొద్దు.